అమెరికా వలస చట్టాల మీద వాదనకు దిగే ముందు

2025 సెప్టెంబరు 20, శనివారం తెల్లవారేసరికి మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మూడు వందలకు పైగా సందేశాలు పేరుకుపోయి ఉన్నాయి. మనకు అర్ధరాత్రి దాటిన వేళ, అక్కడ శుక్రవారం మధ్యాహ్నం, అధ్యక్షుడు ట్రంప్ నిపుణ ఉద్యోగులకిచ్చే హెచ్-1బి వీసా మీద లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ఒక ప్రకటన మీద సంతకం చేశారు. అది అమెరికా తూర్పు తీరం కాలమానం ప్రకారం ఆదివారం తెల్లవారుజామున 12.01కి, అంటే మన లెక్కన ఆదివారం ఉదయం 9.31కి అమల్లోకి వస్తుంది. ఆ ఆదివారం మహాలయ అమావాస్య, తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ. పితృకార్యానికో పండగకో సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళు ఇంట్లో పెట్టెలు విప్పకుండానే మళ్ళీ సర్దుకోవడం మొదలుపెట్టారు.

ఆ ఉదయం నేనూ ఒక తప్పు చేశాను. సంతకాల సమయంలో వాణిజ్య మంత్రి హోవార్డ్ లట్నిక్ ఈ సొమ్ము ఏటా కట్టాలన్నట్టు మాట్లాడిన వీడియో చూసి, "ఏడాదికి 88 లక్షలు, పాతవాళ్ళకూ తప్పదు" అని మా కుటుంబ గ్రూపులో రాసేశాను. విజయవాడ వచ్చి ఉన్న మా పిన్ని కొడుకు అది చదివి, దొరికిన టికెట్టు దొరికిన ధరకు కొన్నాడు. ఆ రోజే వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ ఒక మెమో ఇచ్చి, రుసుము ఇకమీదట దాఖలయ్యే కొత్త దరఖాస్తులకే గాని ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు కాదని తేల్చింది. అది ఏటా కట్టేది కాదు, ఒక్కసారే అని వైట్‌హౌస్ ప్రతినిధి కూడా చెప్పారు. అప్పటికి మావాడు శంషాబాద్ దారిలో ఉన్నాడు.

పదకొండేళ్ళు అమెరికాలో ఉద్యోగం చేసి తిరిగి వచ్చినవాణ్ణి. ఇక్కడా అక్కడా ఉన్న మనవాళ్ళు ఆ దేశపు రాజకీయాల మీద, వలసల మీద, పౌరహక్కుల మీద రాత్రింబవళ్ళు వాదించుకోవడం చూస్తూనే ఉన్నాను, పాల్గొంటూనే ఉన్నాను. వాదించవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. పిల్లలు అక్కడున్న తల్లిదండ్రులకు ఆ చట్టాల గురించి మాట్లాడే హక్కు అందరికంటే ఎక్కువే ఉంది. అయితే ఎలా వాదించాలో కొన్ని దెబ్బలు తిన్నాక తెలిసింది. అది రాస్తున్నాను.

ముందు ఆ కాగితం ఏమిటో తేల్చుకోండి

"అమెరికా నిర్ణయించింది" అని ఎవరైనా రాస్తే, మొదటి ప్రశ్నగా అమెరికాలో ఎవరు అని అడగండి. ఆ దేశంలో కాంగ్రెస్ చేసే చట్టం ఒకటి, అధ్యక్షుడు సంతకం పెట్టే ఉత్తర్వు లేదా ప్రకటన మరొకటి, శాఖలు ఫెడరల్ రిజిస్టర్ అనే గెజిట్‌లో ప్రచురించి ప్రజాభిప్రాయం తీసుకుని చేసే నిబంధన ఇంకొకటి. వీటన్నిటి కింద సంస్థల అంతర్గత మెమోలు, పక్కన కోర్టు ఆదేశాలు ఉంటాయి. వేదిక మీది ప్రసంగాలూ సోషల్ మీడియా పోస్టులూ వీటిలో ఏ కోవకూ రావు. వీటి బరువు ఒకటి కాదు. హెచ్-1బి ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు అదనంగా 20,000 అన్న పరిమితి కాంగ్రెస్ పెట్టింది. దాన్ని ఏ అధ్యక్షుడూ సంతకంతో పెంచలేడు. సెప్టెంబరు ప్రకటన ఆ సంఖ్యలను ముట్టుకోలేదు. విదేశీయుల ప్రవేశాన్ని నియంత్రించడానికి 1952 నాటి వలస చట్టం అధ్యక్షుడికిచ్చిన అధికారాన్ని అది వాడుకుంది. ఈ తేడా తెలిస్తే, "ఆయనకు ఆ అధికారం ఉందా" అన్న అసలైన వాదన మొదలుపెట్టవచ్చు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ రోజు మూలప్రతి చదివినవాళ్ళకూ పూర్తి స్పష్టత రాలేదు, ఎందుకంటే అందులోని వాక్యం దేశం బయట ఉన్న పాత వీసాదారులకు కూడా వర్తిస్తుందేమోనని భయపడేలాగే ఉంది. పెద్ద పెద్ద కంపెనీలే తమ ఉద్యోగులను వెంటనే వెనక్కి రమ్మన్నాయి. కాబట్టి మూలం చదవడంతో పని అయిపోదు. దాన్ని అమలు చేయాల్సిన సంస్థ ఏమంటోందో వినేవరకు "ఇంకా తేలలేదు" అని రాయడం నేర్చుకోవాలి. ఆ రెండు మాటలు రాసి ఉంటే మావాడికి టికెట్టు డబ్బులు మిగిలేవి.

గ్రీన్ కార్డు వరుస విషయంలో మనం పొరపాటు గుమ్మం ముందు నిలబడి అరవడం మరీ ఎక్కువ. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. వాటిలో భార్యాభర్తలు, పిల్లలు కూడా లెక్కకు వస్తారు. ఒక దేశంలో పుట్టినవాళ్ళకు 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది కాంగ్రెస్ పెట్టిన నియమం. అందుకే ఈబీ-2 అనే ఉన్నత విద్యావంతుల వర్గంలో మనవాళ్ళ ప్రయారిటీ డేట్, అంటే వంతు వచ్చినవాళ్ళు వరుసలో చేరిన తేదీ, 2025 చివరికి కూడా 2013 దగ్గరే కదలాడింది. ఈ నియమాన్ని ఎత్తివేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో గెలిచింది. 2020 డిసెంబరులో సెనేట్ తనదైన రూపంలో ఇంకొకటి ఆమోదించింది. రెండూ ఒకటి కాలేదు, ఆ కాంగ్రెస్ కాలం ముగిసింది. ఈ కథ తెలిసినవాడు వరుస పాపాన్ని ఒబామా మీదో ట్రంప్ మీదో బైడెన్ మీదో వేసి రాత్రంతా పోట్లాడడు.

కోర్టు తీర్పుల దగ్గర ఇంకొంచెం నిదానం అవసరం. 2025 జనవరి 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తల్లి చట్టబద్ధంగానే అయినా తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్ కార్డుదారుడో కాకపోతే, అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వాన్ని గుర్తించరు. అంటే హెచ్-1బి మీద, విద్యార్థి వీసా ఎఫ్-1 మీద ఉన్న మన ఇళ్ళ కోడళ్ళు, కూతుళ్ళు నేరుగా ఆ పరిధిలోకి వస్తారు. అదే ఏడాది జూన్ 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు "జన్మతః పౌరసత్వం రద్దు" అని మన గ్రూపుల్లో గోల. ఆ తీర్పు తేల్చింది వేరే విషయం: ఒక జిల్లా న్యాయమూర్తి దేశమంతటికీ వర్తించేలా ప్రభుత్వ ఉత్తర్వును ఆపవచ్చా అన్నది. ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా అన్న ప్రశ్నను కోర్టు అప్పుడు ముట్టుకోలేదు. దాన్ని విడిగా విచారణకు స్వీకరించింది డిసెంబరులో. తీర్పు వార్త చూడగానే కోర్టు జవాబిచ్చిన ప్రశ్న ఏమిటి, ఇవ్వకుండా వదిలిన ప్రశ్న ఏమిటి అని విడదీసి చూసుకోండి.

అంకెల గురించి ఒక్కటే చెబుతాను. 2024 ఆర్థిక సంవత్సరంలో హెచ్-1బి దరఖాస్తులు సుమారు 4 లక్షలు ఆమోదం పొందాయి. దీన్ని పట్టుకుని "ఏటా 4 లక్షల మంది కొత్తగా దిగుతున్నారు" అనే వాదన అక్కడ జోరుగా నడుస్తుంది. వాటిలో చాలావరకు పొడిగింపులు, కంపెనీ మార్పులు. కొత్త ఉద్యోగానివి లక్షా 41 వేలు. "85,000 పరిమితి అన్నారుగా, ఇదెలా?" అని ఎదుటివారు అడిగితే, విశ్వవిద్యాలయాలకూ లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకూ ఆ పరిమితి లేదన్న జవాబు దగ్గర పెట్టుకోండి.

"అక్రమం" అన్న ఒక్క మాటలో ఎన్ని ఉన్నాయో చూడండి

సరిహద్దు దగ్గర తనిఖీ తప్పించుకుని లోపలికి రావడం ఫెడరల్ చట్టంలో నేరం. మొదటిసారైతే చిన్న తరహా నేరం, గరిష్ఠంగా ఆరు నెలల జైలు. వీసా మీద వచ్చి గడువు దాటి ఉండిపోవడం అలా కాదు. అది సివిల్ ఉల్లంఘన, శిక్ష వెనక్కి పంపడం, ఆపై మళ్ళీ రాకుండా నిషేధం. 180 రోజులు దాటి ఉండి వెళ్ళిపోతే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు. ఆశ్రయం కోరి దరఖాస్తు పెట్టుకున్నవాడి పరిస్థితి ఈ రెండింటికీ భిన్నం. ఉద్యోగం ఊడి, అరవై రోజుల గడువు దాటి ఔట్ ఆఫ్ స్టేటస్ అయిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూడా చట్టం దృష్టిలో వెనక్కి పంపదగినవాడే, కానీ అతణ్ణి మన గ్రూపులో ఎవరూ అక్రమ వలసదారు అనరు. ఆ మాట గోడ దూకి వచ్చినవాళ్ళకే దాచిపెట్టుకుంటాం.

ఇంకో సూక్ష్మం. పాస్‌పోర్టు మీద వీసా స్టాంపు ఎప్పటివరకు ఉందన్నది లోపలికి వెళ్ళడానికి పనికొచ్చే తేదీ. లోపల ఎంతకాలం ఉండవచ్చో చెప్పేది ఐ-94 అనే ప్రవేశ పత్రం. ఈ రెండూ కలిపేసి "వీసా అయిపోయింది, కాబట్టి అక్రమం" అని తీర్పు చెప్పేవాళ్ళు రోజుకొకరు కనిపిస్తారు. వాళ్ళను సరిదిద్దేటప్పుడు మెత్తగా సరిదిద్దండి, ఎందుకంటే విమానాశ్రయంలో దిగేంతవరకు మనకూ తెలియదు ఆ సంగతి.

పౌరుడా, వ్యక్తా?

పౌరహక్కుల వాదనలో సగానికి సగం ఈ ఒక్క తికమక మీద నడుస్తుంది. "వాళ్ళు పౌరులు కారు, వాళ్ళకు రాజ్యాంగ హక్కులేమిటి" అని మనవాళ్ళే, తాము కూడా పౌరులు కాకుండా ఉండి, రాస్తుంటారు. 1868లో వచ్చిన 14వ సవరణ పౌరసత్వాన్ని నిర్వచించిన వెంటనే మాట మారుస్తుంది: న్యాయప్రక్రియ లేకుండా ఏ రాష్ట్రమూ ఏ "వ్యక్తి" ప్రాణాన్నీ స్వేచ్ఛనూ ఆస్తినీ హరించరాదంటుంది, ఐదో సవరణ ఫెడరల్ ప్రభుత్వానికి ఇదే కట్టడి వేస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బట్టలుతికే దుకాణం నడిపిన చైనీయుడు యిక్ వో కేసులో 1886లోనే సుప్రీంకోర్టు ఈ రక్షణ విదేశీయులకూ ఉందని చెప్పింది. 1982లో ప్లైలర్ తీర్పు, పత్రాలు లేని పిల్లలను కూడా సర్కారు బడి నుంచి గెంటరాదన్నది.

అయితే ఇక్కడితో ఆగి గెలిచామనుకుంటే ఎదుటివాడు సులువుగా పడగొడతాడు; పరిమితులు మీరే ముందు చెప్పండి. ఓటు పౌరులకే. వలస కోర్టులో లాయరును పెట్టుకోవచ్చు గాని ప్రభుత్వం తన ఖర్చుతో ఇవ్వదు, అది క్రిమినల్ కేసు కాదు కాబట్టి. క్రిమినల్ విచారణలో చట్టవిరుద్ధంగా సేకరించిన సాక్ష్యాన్ని పక్కన పెట్టే సూత్రం, వెనక్కి పంపే విచారణలకు సాధారణంగా వర్తించదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. సరిహద్దు గేటు దగ్గర నిలబడినవాడికి లోపల ఉన్నవాడికున్నంత రక్షణ లేదు. ఇవి మనకు నచ్చకపోవచ్చు, కానీ దాచితే మన మాట విలువే తగ్గుతుంది.

అధికారులు ఒక ఇంటి తలుపు కొడుతున్న వీడియో వచ్చిందనుకోండి. అరుపుల కంటే ముందు, చేతిలోని కాగితం మీద సంతకం ఎవరిదో కనిపిస్తుందేమో చూడండి. వలస శాఖ అధికారే సంతకం చేసే వారంటు ఒకటుంటుంది, న్యాయమూర్తి సంతకం చేసేది ఒకటుంటుంది. ఇంట్లోవాళ్ళ సమ్మతి లేకుండా, అత్యవసరమేమీ లేకుండా గడప దాటడానికి న్యాయమూర్తి వారంటు కావాలన్నది ఇంటి విషయంలో కోర్టులు చాలాకాలంగా పట్టుకుని వస్తున్న నియమం. వీధిలోనో పార్కింగ్ స్థలంలోనో పట్టుకుంటే లెక్క వేరు. వీడియోలో ఇది తెలియకపోతే, తెలియలేదని రాయండి.

రెండు ప్రశ్నలను ఒక్కటిగా ముడివేయకండి

చట్టం ఏమంటోంది అన్నది ఒక ప్రశ్న, అది సబబేనా అన్నది ఇంకొకటి. దీనికి మనకు దగ్గరైన ఉదాహరణ ఫార్మింగ్టన్. మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ పేరుతో ఒక విశ్వవిద్యాలయం ఉండేది; ఫీజు తీసుకునేది, ఎఫ్-1 పత్రాలు ఇచ్చేది, పాఠాలు చెప్పేవాళ్ళు లేరు, తరగతులు లేవు. విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి అనుమతి ఉన్న సంస్థల ప్రభుత్వ జాబితాలో దాని పేరుండేది. 2019 జనవరి చివర్లో తెలిసిందేమిటంటే, దాన్ని నడిపింది అంతర్గత భద్రతా శాఖ హోంల్యాండ్ సెక్యూరిటీ రహస్య అధికారులే. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసులు పడ్డాయి. విద్యార్థులను వలస ఉల్లంఘన కింద పట్టుకున్నారు. చేరిన దాదాపు ఆరు వందల మందిలో తెలుగు పిల్లలే పెద్ద సంఖ్య.

అప్పుడు మన మధ్య జరిగిన వాదన నాకు బాగా గుర్తు. ఒక పక్షం: "క్లాసులు లేవని తెలిసే చేరారు, పని చేసుకోవడానికి కాగితం కొనుక్కున్నారు." రెండో పక్షం: "ప్రభుత్వమే వల పన్ని, డబ్బు తీసుకుని, పిల్లల్ని పట్టుకుంది." ఇద్దరూ ఒకరినొకరు ఖండిస్తున్నామనుకున్నారు గాని, ఒకరు మొదటి ప్రశ్నకు, ఒకరు రెండో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. విద్యార్థి తప్పు చేసి ఉండవచ్చు, ప్రభుత్వ పద్ధతీ తప్పై ఉండవచ్చు; ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు. చెల్లించిన ఫీజు తిరిగి ఇమ్మని ఒక విద్యార్థి ప్రభుత్వం మీద వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ కొట్టివేతను తోసిపుచ్చి, దావాను ఒప్పంద భంగం కింద విచారించవచ్చంది. వలస ఉల్లంఘన సంగతి అలాగే ఉండగా, ఫీజు సంగతి వేరే కోర్టులో వేరే చట్టం కింద నడిచింది.

2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సైనిక విమానంలో అమృత్‌సర్‌కు పంపినప్పుడు కూడా ఇంతే. వాళ్ళను వెనక్కి పంపే అధికారం అమెరికాకు ఉందా అంటే, ఉంది. దారంతా కాళ్ళకూ చేతులకూ సంకెళ్ళు వేయాలా అన్నది విడిగా వాదించాల్సిన విషయం. "దొంగదారిన వెళ్ళారుగా" అన్న జవాబు ఈ రెండో ప్రశ్నకు జవాబు కాదు. ఎదుటివారు ప్రశ్న మార్చినప్పుడల్లా, "మీరు చెప్పింది మొదటిదానికి, నేనడిగింది రెండోది" అని ఒకే ఒక వాక్యం రాయండి, చాలు.

"మేం వరుసలో వచ్చాం" అనే ముందు

మనవాళ్ళకు అతి ఇష్టమైన వాదన ఇది, నేనూ ఎన్నో ఏళ్ళు వాడాను. నిజమే, కష్టపడి చదివి, లాటరీలో పేరు తగిలి, స్టాంపింగ్‌కు తిరిగి వచ్చినవాళ్ళం. కానీ "మేం మంచివాళ్ళం, వాళ్ళలాంటివాళ్ళం కాదు" అన్న వాదనకు అక్కడి కోర్టులో పట్టిన గతి 1923 నుంచే రికార్డులో ఉంది. భగత్ సింగ్ తింద్ పంజాబీ సిక్కు, 1913లో వెళ్ళినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పటి చట్టం స్వేచ్ఛాయుతులైన తెల్లవారికీ ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే పౌరసత్వం ఇచ్చేది. ఆ చట్టమే తప్పు అని ఆయన పక్షం వాదించలేదు. అగ్రవర్ణ హిందువు (అప్పట్లో అక్కడ భారతీయులను మతంతో పని లేకుండా హిందువులనేవారు) ఆర్యజాతివాడు గనుక తెల్లవాడి కిందికే వస్తాడని వాదించింది. కోర్టు ఏకగ్రీవంగా కాదంది. సామాన్యుడి దృష్టిలో తెల్లవాడు కానివాడు తెల్లవాడు కాడని తేల్చింది. ఆ తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన ఎందరో భారతీయుల పత్రాలు రద్దయ్యాయి. భారతీయులకు పౌరసత్వపు దారి తెరిచింది 1946 చట్టం, అదీ ఏడాదికి వంద మంది కోటాతో. 1965 చట్టం ఆ కోటాల పద్ధతినే తీసేశాకే మన రాకపోకలు పెరిగాయి.

అందుకని, మీ వాదన మీ వీసా వర్గానికి మాత్రమే అతికేలా ఉంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి: దాన్ని ఇతరులు మన మీద తిప్పితే ఏమవుతుంది? "తాత్కాలికంగా వచ్చినవాళ్ళకు హక్కులేమిటి" అని మీరు సరిహద్దు దాటినవాడి గురించి రాసిన వాక్యాన్నే, హెచ్-1బి వాళ్ళ భార్యాభర్తలకిచ్చే హెచ్-4 మీద ఉన్న మీ కోడలి ఉద్యోగానుమతిని రద్దు చేయాలనేవాడు యథాతథంగా ఎత్తి వాడుకుంటాడు.

రాసే చేతికి కాస్త జాగ్రత్త

వీసా దరఖాస్తు డీఎస్-160లో గత ఐదేళ్ళ సోషల్ మీడియా ఖాతాల వివరాలు 2019 నుంచి అడుగుతున్నారు. 2025 జూన్‌లో విద్యార్థి వీసాలవాళ్ళను, డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ళను ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టమన్నారు. దాంతో హైదరాబాద్ సహా మన దేశంలో ఎన్నో ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న తుర్కియే విద్యార్థిని రుమేసా ఓజ్‌తుర్క్, కళాశాల పత్రికలో మరో ముగ్గురితో కలిసి రాసిన ఒక వ్యాసం తర్వాత వీసా రద్దయి, 2025 మార్చి 25న వీధిలో అరెస్టయింది. ఆరు వారాలు లూసియానా నిర్బంధ కేంద్రంలో ఉన్నాక ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఆమెను విడుదల చేయమన్నారు. భావప్రకటన హక్కు ఉన్నట్టా లేనట్టా అంటే, కోర్టుకు వెళ్ళి నిలబెట్టుకునేలోపు ఆరు వారాలు గడుస్తాయని అర్థం. పిల్లల చేత అభిప్రాయాలు మానిపించమని నేననను, వాళ్ళు లెక్క తెలిసి రాయాలంటాను. దరఖాస్తులో ఖాతా దాచడం మాత్రం ఎప్పుడూ పనికిరాదు. తప్పు సమాచారం ఇవ్వడం దానంతటదే వీసా నిరాకరణకు కారణమవుతుంది.

దీనికంటే తరచుగా జరిగే ద్రోహం వేరొకటుంది. వాదన వేడిలో "మా బావమరిది ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే పని అనుమతి) అయిపోయినా అక్కడే ఉన్నాడు, ఏమైంది?" అని ఊరూ పేరూ తెలిసేలా రాసేస్తాం. ఆ స్క్రీన్‌షాట్ ఎక్కడికి వెళుతుందో మనకు తెలియదు. ఇతరుల స్టేటస్ మీ ఉదాహరణ కాకూడదు, పేరు లేకుండా అయినా సరే.

వయసులో పెద్దవారితో వాదించేటప్పుడు, "బాబాయ్ గారూ, మీరు పంపినదాంట్లో తేదీ పాతది, కొత్తది ఇదిగో" అని మూలప్రతి లింకుతో విడిగా పంపితే తొంభై పాళ్ళు సరిదిద్దుకుంటారు. అందరి ముందు అంటే పదేళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

మీరే తప్పు రాశారని తేలితే ఆ సందేశం చెరిపేసి ఊరుకోకండి. చదివినవాడు చదివేసి ఉంటాడు, చెరిపింది చూసి ఉండడు. ఆ శనివారం రాత్రి నేను అదే గ్రూపులో, అదే సందేశం కింద, ఇలా రాశాను: "పొద్దున నేను రాసింది తప్పు. రుసుము కొత్త దరఖాస్తులకే, ఒక్కసారే. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. మెమో కింద పెట్టాను." మా పిన్ని కొడుకు దుబాయ్‌లో విమానం మారుతూ దానికి ఒక దండం బొమ్మ పెట్టాడు.